నెమలిగుట్ట ఆదివారాలు

4 జనవరి 2026, ఆదివారం

ఈ డైరీ నిరుడు అంగన్‌వాడీ టీచర్లందరికీ సూపర్‌వైజర్ మేడమ్ పంచింది. ఒక్క పేజీ రాయలేదు. తేదీలకు వారాలు కలవవు కాబట్టి కొట్టేసి పైన రాసుకుంటున్నాను. రిజిస్టర్లు నింపే చేతికి ఇదేం కష్టం కాదు.

కళ్యాణి నెమలిగుట్ట మీద ఉంది.

ఏడాదైందట. సూర్యాపేట అవతల గుట్ట మీద కొత్తగా వినోద కేంద్రం పెట్టారు కదా, అక్కడ జనానికి నడుముకు తాడు కట్టి బండ ఎక్కించే ఉద్యోగం. ఏడాదిగా నా బిడ్డ కోదాడకు గంటన్నర దూరంలో ఉంటే నాకు తెలియదు. చెప్పింది కూడా మా ఆయా పుష్పాబాయి. వాళ్ల తండా పిల్లలు కొత్త సంవత్సరానికి అక్కడికి పోయి వీడియో తీశారు. నిన్న సెంటర్లో గుడ్లు ఉడకబెడుతూ ఫోన్ నా ముఖం ముందు పెట్టింది.

"టీచరమ్మా, గీ పిల్ల మన కళ్యాణి లెక్క లేదా?"

లెక్కేమిటి, కళ్యాణే. జుట్టు కత్తిరించుకుంది. ఎండకు నల్లబడింది. ఎవరికో హెల్మెట్ పెడుతూ నవ్వుతోంది.

ఇవాళ ఆరాధన నుంచి వచ్చాక మా ఆయన్ని అడిగాను. "ఊఁ" అన్నాడు. మత్తయ్యగారి ఊఁ సంగతి నాకు తెలియదా? ఎప్పటినుంచో తెలుసన్నమాట. మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతూ దారిలో బండి ఆపుకుని కూతురితో ఫోన్లో మాట్లాడతాడట. రెండున్నరేళ్లుగా.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే."

అడగాలట! కన్నది నేను, అడుక్కోవలసిందీ నేనే. ఇంకో సంగతి కూడా నింపాదిగా చెప్పాడు. వచ్చే నెల పదకొండున ఆమె ఉత్తరాదికి పోతోంది, మంచు కొండలు ఎక్కే శిక్షణకు. నెల రోజులు. "ఆడ్నే ఉద్యోగం కూడా దొరకొచ్చంట" అని అన్నం కలుపుకున్నాడు.

రెండున్నరేళ్ల కిందటిది నా తప్పు అని అందరూ అనుకుంటున్నారు. ఏం చేశాను నేను? ఆమె గురుకులంలో చదివేటప్పుడు ఆ కొండలెక్కే పిచ్చి పట్టించిన సారు ఒకరోజు నా నంబరుకు ఫోన్ చేశాడు. కళ్యాణి బట్టలు ఉతుకుతోంది, నేను ఎత్తాను. అమ్మాయిని మంచు కొండలెక్కే శిక్షణకు ఎంపిక చేశాం, పంపుతారా అన్నాడు. "పెళ్లి మాటలు నడుస్తున్నయి సార్" అన్నాను. అంతే. ఏ ఇంట్లో నడవవు? ఆయన ఇంకో అమ్మాయిని పంపుకున్నాడు. ఆర్నెల్ల తర్వాత హైదరాబాదులో ఎదురుపడి "పెళ్లయిందా కళ్యాణీ?" అని అడిగాడట. ఇంటికొచ్చి నన్ను నిలదీసింది. సారు తప్పుగా విన్నాడేమో అన్నాను. ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకుంది. నా నంబరు బ్లాక్ చేసింది.

ఏ తల్లయినా అదే చేసేది.

6 జనవరి

వెళ్లను. కావాలంటే ఆమే వస్తుంది.

11 జనవరి, ఆదివారం

వెళ్లాను. చలికి ఒళ్లు పట్టేసినట్టుంది, కాస్త గాలి మార్పు ఉంటుందని. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా. మా ఆయనతో మిర్యాలగూడలో మా పెద్దమ్మ కూతురు సరోజక్కను చూసి వస్తానన్నాను.

గుట్ట బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కింద చెరువులో తొక్కే పడవలు. కాస్త పైకి పోతే తాళ్ల వంతెన. అక్కడినుంచి రెండు దారులు, ఎడమకు పోతే పైనుంచి తీగ మీద జారే జిప్‌లైన్, కుడికి పోతే తాబేలు బండ. కళ్యాణి పని ఆ బండ దగ్గర. అటు పోలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటుందేమోనని కాదు, బండలు చూడ్డానికి రాలేదు కదా నేను.

మెట్లెక్కి కొన దాకా పోయాను. అక్కడ ఇనుప స్తంభానికి ఒక దుర్భిణి బిగించారు. వెంకటనర్సయ్య అని, అరవై దాటిన మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని వరసలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చూపిస్తాడు. అందరూ మూసీ వైపు తిప్పుతున్నారు. నేను కిందికి తిప్పాను.

కనబడింది. చేయి చాస్తే అందేటంత దగ్గర! మెడ సన్నబడింది. చెవులకు ఏమీ లేవు. ఎవరో పైన ఎక్కుతుంటే ఈమె కింద నిలబడి రెండు చేతులా తాడు పట్టుకుని తలెత్తి చూస్తోంది. రెప్ప వేయడం లేదు. నేను చెయ్యి కూడా చాచాను, పిచ్చిదాన్ని. ఇనుప గొట్టానికి తగిలింది.

"చెల్లె, అందరు మూసీ దిక్కు చూస్తరు. నువ్వేంది, బండ దిక్కు చూస్తున్నవ్?"

"బండ బాగుందన్నా."

"బాగుంటది, బాగుంటది. ఇగ జరుగు, టైమైంది."

మళ్లీ వరస చివర నిలబడ్డాను. అలా నాలుగుసార్లు. నాలుగోసారి ఆయన టైము చూడలేదు.

12 జనవరి

పాస్టరమ్మ ఫోన్ చేసింది, ఆరాధనకు రాలేదేమని. మోకాలు అన్నాను. అబద్ధం కాదు, ఎడమ మోకాలు నిజంగానే నొప్పి.

18 జనవరి, ఆదివారం

మళ్లీ సరోజక్క ఇంటికి. అంటే గుట్టకు.

ఈసారి కిందినుంచి మొదలుపెట్టాను. డబ్బులు పెట్టి లోపలికి పోయాక అన్నీ చూడాలి కదా. పడవ ఇద్దరు తొక్కాలట, ఒక్కరికి ఇవ్వరట. కళ్యాణి ఈడు పిల్ల ఒకతె, పెన్‌పహాడ్ దగ్గరి ఊరట, పక్కన కూర్చుంది. మా పుట్టిల్లు కూడా పెన్‌పహాడే అన్నాను. అంతే, పడవ దిగేదాకా వాళ్ల అత్తగారి పురాణం వినిపించింది. నేను తొక్కుతూ కూర్చున్నాను. పక్క సీట్లో నా కూతురు కూర్చుని ఏ పురాణం చెప్పినా వినేదాన్ని, ఎంతసేపయినా.

తర్వాత తాళ్ల వంతెన. కాలు పెట్టేవరకూ ధీమాగానే ఉన్నాను. నడిమికి పోయాక అది ఊగడం మొదలుపెట్టింది. ముందుకు పోలేను, వెనక్కు రాలేను. నా వెనక పదిమంది. ఒకడు "ఆంటీ, ఈడ్నే ఇల్లు కట్టుకుంటవా?" అంటున్నాడు. మా సెంటర్లో అయితే వాణ్ని గోడకు నిలబెట్టేదాన్ని.

అప్పుడు అవతలి గట్టు మీద కళ్యాణి వచ్చింది. భుజానికి తాడు చుట్ట. ఆగింది. నన్ను చూసింది. నేనూ చూశాను. రెండున్నరేళ్లు.

నాతో మాట్లాడలేదు. ఈ వారం వంతెన కాపలాకు వచ్చిన వెంకటనర్సయ్యతో అంది. "తాతా, ఆమెకు ఎడమ మోకాలు బాగుండదు. మెట్ల దిక్కు పంపకు, బండ్ల బాటన దించు."

అని వెళ్లిపోయింది.

19 జనవరి

ఎడమ మోకాలు అని కూడా గుర్తుంది.

22 జనవరి, గురువారం

ఇవాళ పిల్లల బరువులు తూచాం. జోలె లాగులో కాళ్లు దూర్చి తూకం కొక్కేనికి వేలాడదీస్తే ఒకడు నా కొంగు వదలడు. "పట్టుకున్న నాయినా, పట్టుకున్న" అంటూ మెల్లగా చెయ్యి తీసేస్తాను. రోజూ చేసే పనే. ఇవాళ ఎందుకో చెయ్యి తీయలేకపోయాను. పుష్పాబాయి "టీచరమ్మా, వదిలితేనే గద బరువు తెలిసేది!" అని నవ్వింది.

కళ్యాణికి ఈత నేర్పింది నేను. ఎనిమిదేళ్లప్పుడు, పెన్‌పహాడ్‌లో మా నాయన చేను దగ్గర మోట బావిలో. మా ఆయనకు సెలవు దొరకలేదు. నడుముకు చాంతాడు కట్టి దింపి, గట్టు మీద నేను పట్టుకున్నాను. నీళ్లలోంచి ఒకటే కేకలు. "అమ్మా, పట్టుకున్నవా? అమ్మా, పట్టుకున్నవా?" చివరికి విసుగొచ్చి "పట్టుకున్ననే! ఎన్నిసార్లు అడుగుతవ్? ఈదు" అని అరిచాను. ఈదింది. అప్పుడు వదిలానా అంటే వదల్లేదు. అరచేతులు రెండూ ఒరుసుకుపోయాయి. అది నిజం. దేవుడి ముందయినా చెబుతాను.

ఫోన్ సంగతి కూడా సరిగ్గా రాసుకోవాలి. "మాటలు నడుస్తున్నయి" అనలేదు. "ఖాయమైంది" అన్నాను. పెద్ద తేడా ఏముంది?

తేడా ఉంది.

25 జనవరి, ఆదివారం

జిప్‌లైన్.

బండకు వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. జిప్‌లైన్ దిగేచోటు మాత్రం తాబేలు బండకు ఎదురుగానే ఉంటుందని వెంకటనర్సయ్య చెప్పాడు. జారుకుంటూ పోయి ఆమె ఎదుట దిగితే, దిగాక ఏదో ఒకటి అనక తప్పదు కదా. "అమ్మా, నువ్వేంది ఈడ" అనైనా. ఇది నా పథకం. నలభై తొమ్మిదేళ్ల మనిషి వేసే పథకమేనా!

ఫారం నింపమన్నారు. వయసు నలభై రెండు అని రాశాను. బీపీ లేదు. మోకాళ్ల నొప్పులు లేవు. నిజం రాస్తే ఎక్కనివ్వరు. ఆ ఫారం ఎవరూ చదవరు కూడా.

నడుముకు, తొడలకు బెల్టులు బిగించారు. మా బరువుల జోలె లాంటిదే, కాకపోతే ఈసారి వేలాడేది నేను. అంత ఎత్తు నుంచి కిందికి చూస్తే చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి. వద్దు, దిగుతాను అనేలోపే బెల్టులు బిగించిన అమ్మాయి వెనకనుంచి తోసింది.

యేసయ్యా అని అరుద్దామనుకున్నాను. నోటి నుంచి వచ్చింది "కళ్యాణీ" అని. ఆ చివరినుంచి ఈ చివరిదాకా, గొంతు పగిలేలా "కళ్యాణీ... కళ్యాణీ..." గుట్టంతా వినిపించింది. పడవల్లో వాళ్లు కూడా తలెత్తి చూశారట.

దిగేసరికి ఆమె బండ దగ్గర నిలబడి ఇటే చూస్తోంది. చేతుల్లో తాడు, తాడు చివర పైన ఎవరో మనిషి. కదల్లేదు. కదలకూడదు కూడా, అది ఆమె పని. పైనున్న మనిషిని నెమ్మదిగా దించింది. విప్పింది. ఆ తర్వాత, ఇక వస్తుంది అనుకున్నప్పుడు, బండ వెనక్కి వెళ్లిపోయింది.

చాలాసేపు రాలేదు. ఆఖరి బస్సు పోతుందని నేనే వచ్చేశాను. ఆమె కావాలి నాకు. పక్కన కూర్చుని తినడం కావాలి, తిట్టడం కావాలి, జుట్టు ఎందుకు కత్తిరించావని అడగడం కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

26 జనవరి

జెండా ఎగరేశాం. గొంతు పోయింది, జనగణమన పిల్లలే పాడుకున్నారు.

1 ఫిబ్రవరి, ఆదివారం

బస్సులన్నీ మేడారం జాతరకు పోయాయి. కోదాడ బస్టాండులో రెండు గంటలు నిలబడి, సూర్యాపేట దాకా ఇంకో గంట నిలబడే వెళ్లాను. ఇవాళ నేరుగా తాబేలు బండకే. మిగిలింది ఇవాళ, వచ్చే ఆదివారం. అంతే.

బండ దగ్గర ఒక బోర్డు ఉంది. వరసలో నిలబడి పదిసార్లు చదివాను, కంఠతా వచ్చింది.

"ఎక్కేవారు మొదట 'పట్టుకున్నారా?' అని గట్టిగా అడగాలి. కింద తాడు పట్టిన వారు 'పట్టుకున్నాను' అని జవాబు చెప్పాలి. జవాబు వినకుండా ఒక్క అడుగు కూడా వేయరాదు."

చదివినకొద్దీ ప్రాణం లేచొచ్చింది. జవాబు చెప్పాలి! అలిగినా, మొహం చూడకపోయినా, నేను అడిగితే ఆమె చెప్పి తీరాలి. ఇన్ని ఆదివారాలు పడవలూ వంతెనలూ పట్టుకుని ఎందుకు తిరిగాను?

నా వంతు వచ్చింది. ఫారం ఇచ్చాను. ఇక్కడ ఫారాలు చదువుతారు. కళ్యాణే చదువుతుంది, ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి. నా మొహం చూడలేదు. కాగితాన్నే చూస్తూ అంది.

"ఇది నిజం కాదు మేడమ్. ఎక్కనియ్యరాదు."

మేడమ్.

"వయసొక్కటే కొంచెం అటూ ఇటూ..." అన్నాను.

"వయసు. మోకాలు. బీపీ గోలీ. మూడిట్ల ఒక్కటి నిజం రాయలే." అప్పుడు తలెత్తింది. "అబద్ధం రాసినోళ్లకు నేను తాడు పట్ట."

ఫారం నా చేతిలో పెట్టి వెనకవాళ్లను పిలిచింది.

ఎలా దిగానో తెలియదు. వెంకటనర్సయ్య చెరువు గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. "నీ బిడ్డేనా?" అన్నాడు. తలూపాను. "మొదటి రోజు దుర్భిణి కాడనే అనుకున్న చెల్లె. పరాయోళ్ల కోసం ఎవలు నాలుగుసార్లు లైన్ల నిలబడ్తరు?"

3 ఫిబ్రవరి, మంగళవారం

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ అన్నాడు. "సరోజ ఫోన్ చేసింది. నువ్వు కనపడక ఆర్నెల్లయిందంట."

నేను చారు వడ్డించాను.

"గుట్టకు పోతున్నవని ఎరికే. పిల్లనే చెప్పింది, మొదటి వారమే. దుర్భిణి ఆమె దిక్కే తిరిగి ఉంటే చూసిందంట."

"చూసిందా? మరి..."

"సుగుణా, నాకొకటి చెప్పు. ఆనాడు ఫోన్ల ఏమన్నవ్?"

రెండున్నరేళ్లలో ఒక్కసారి కూడా అడగని మనిషి. ఏదో అనబోయాను. ఆయన కంచం వైపే చూస్తున్నాడు, తొందరేమీ లేదన్నట్టు. చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, మళ్లీ మార్చుకోకుండా.

పెళ్లి ఖాయమైంది సార్ అన్నాను. ఆయన నమ్మనట్టు ఆగితే, అబ్బాయిది వాడపల్లి, సిమెంటు ఫ్యాక్టరీలో పని అన్నాను. మే నెలలో పెళ్లి, మీరు కూడా రావాలి అన్నాను. పిలుపులు కూడా చేశాను, నా నోటికి పురుగులు పడ! ఏ అబ్బాయీ లేడు. ఏ మాటలూ నడవలేదు. ఫోన్ పెట్టేసి, దండెం దగ్గరికి పోయి ఆమెతో కలిసి దుప్పటి పిండాను. ఎవరమ్మా ఫోన్ అంటే, రాంగ్ నంబర్ అన్నాను.

మంచులో పడి చస్తుందని భయపడ్డాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. భయమూ ఉంది. కానీ అదొక్కటే కాదు. ఆ వారమంతా ఆమె మొహం వెలిగిపోతోంది, సారు ఫోన్ చేస్తాడు, చేస్తాడు అని. ఇంత సంతోషం నా ఇంట్లో ఎప్పుడూ కనపడలేదు. పోతే ఇక తిరిగిరాదు అనిపించింది. ఆమె నా దగ్గరే ఉండాలి. అంతే. అందుకు చేశాను.

మా ఆయన చెయ్యి కడుక్కున్నాడు. "గీ ముక్క నాకు కాదు చెప్పాల్సింది" అన్నాడు.

5 ఫిబ్రవరి

రాంగ్ నంబర్ అన్నాను.

8 ఫిబ్రవరి, ఆదివారం

గుట్ట మీద మోదుగులు పూయడం మొదలుపెట్టాయి. ఇన్ని వారాలు తిరిగి, చెట్లను ఇవాళే చూశాను.

పొద్దున మా ఆయనే బస్టాండులో దింపాడు. "సరోజను అడిగినట్టు చెప్పు" అన్నాడు, నవ్వకుండా.

ఫారం తీసుకున్నాను. వయసు 49. బరువు 71. బీపీ ఉంది, పొద్దున గోలీ వేసుకున్నాను. ఎడమ మోకాలు నొప్పి, నాలుగేళ్ల నుంచి. చివర "ఇతర వివరాలు" అని రెండు గీతలు ఉన్నాయి. అందరూ ఖాళీగా వదిలేస్తారు. నేను రాయడం మొదలుపెట్టాను. రెండు గీతలు చాల్లేదు. కాగితం తిప్పి వెనకంతా రాశాను. మంగళవారం ఇక్కడ రాసుకున్నదంతా, వాడపల్లి అబ్బాయితో సహా, దుప్పటితో సహా. సారు తప్పుగా వినలేదు, నేనే అన్నాను అని రాశాను. నీ సంతోషం చూసి ఓర్చుకోలేకపోయాను బిడ్డా అని రాశాను. రాస్తుంటే నా వెనక మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక లావుపాటి మనిషి "ఏందమ్మా, పరీక్ష రాస్తున్నవా? అడిషనల్ కావాల్నా?" అన్నాడు. కావాలన్నాను.

కళ్యాణి తీసుకుంది. గడి గడికీ వేలు పెట్టి చదివింది. కాగితం తిప్పింది. అక్కడ వేలు ఆగింది. తర్వాత వేలు తీసేసి చదివింది. చాలాసేపు పట్టింది. ఒకసారి అయ్యాక మళ్లీ మొదటినుంచి చదివినట్టుంది. నేను బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

కాగితం మడిచి, మిగతా ఫారాల్లో కలపకుండా నడుముకున్న సంచీలో పెట్టుకుంది.

"గోలీ వేసుకున్నవా?"

"వేసుకున్న."

"కుడి కాలు మీద లేవాలె. ఎడమ దాని మీద బరువెయ్యకు. గా పసుపు గీత దాక. పదడుగులే."

మేడమ్ అనలేదు. అమ్మ అని కూడా అనలేదు.

ముందు కూర్చుని బెల్టులు బిగించింది. తల నా చేతి కింద ఉంది. నూనె లేదు, ఎండుగడ్డిలా ఉంది జుట్టు. ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమంటుందో అని కాదు. ముట్టుకుంటే ఏడుస్తాను, ఏడ్చేవాళ్లను ఎక్కనివ్వరేమో అని.

హెల్మెట్ పెట్టి, తాడు ముడి రెండుసార్లు లాగి చూసి, వెనక్కి పోయి నిలబడింది. నేను బండ మీద అరచేతులు ఆనించాను. ఎండకు కాలి ఉంది. ఇక అడగాలి. మిర్యాలగూడ మనిషి "అడగమ్మా, బోర్డు మీద ఉన్నదిగా" అన్నాడు.

"పట్టుకున్నవా?"

జవాబు రాలేదు. జవాబు వినకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు. నేను అలాగే నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూడలేదు. రోజంతా అలాగే నిలబడేదాన్ని.

"పట్టుకున్న" అంది.

కుడి కాలు పెట్టాను. లేచాను. చేతికి ఒక పగులు దొరికింది. ఒక అడుగు. అక్కడ ఆగి మళ్లీ అడిగాను. రూలు ప్రకారం ఒక్కసారి అడిగితే చాలు.

"పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

ఇంకో అడుగు. "పట్టుకున్నవా?"

"పట్టుకున్న."

నాలుగోసారికి కింద జనం నవ్వుతున్నారు. నవ్వనీ. నేను ఎక్కింది బండను కాదు, ఆ మాటను. ఆరోసారో ఏడోసారో అడిగేసరికి కిందినుంచి ఒక్క అరుపు.

"పట్టుకున్ననమ్మా! ఎన్నిసార్లు అడుగుతవ్? ఎక్కు!"

బండకు చెంప ఆనించి ఏడ్చాను. పైకి ఎక్కుతూ ఏడిస్తే దింపరు, అది తెలిసింది.

పసుపు గీత ముట్టుకున్నాను. ఇక దిగాలి. దిగాలంటే బండ వదిలేసి, చేతులు రెండూ తీసేసి, వెనక్కి వాలాలట. తాడే దించుతుందట. ఎవరు కనిపెట్టారో! వేళ్లు బండకు అతుక్కుపోయాయి.

"చేతులు వదులు" అంది.

"నాతోని కాదు బిడ్డా."

"అయితది. వదులు."

"భయమైతుంది."

"ఎరికే. నేను పట్టుకొనే ఉన్న. వదులమ్మా."

వదిలాను.

కిందికి వచ్చాక ముడి విప్పుతూ, నాకు మాత్రమే వినబడేలా అంది. "చదివిన. మర్చిపోయిన అనుకోకు."

"అనుకోను."

"బుధవారం పోతున్న."

"మీ నాయిన చెప్పిండు. చలి బాగా ఉంటదట కదా, నా మెరూన్ రంగు స్వెట్టరు..."

"అవన్నీ వాళ్లే ఇస్తరు." కొంచెం ఆగి, "పంపు. నాయినతోని పంపు" అంది. అని మిర్యాలగూడ మనిషి ఫారం అందుకుంది.

బండ్ల బాటనే దిగాను. మెట్ల దిక్కు పోలేదు.

9 ఫిబ్రవరి

మోకాలు గుమ్మడికాయంత వాచింది. సెంటర్లో పుష్పాబాయి ఏమైందంటే బండ ఎక్కాను అన్నాను. పిల్లలు నమ్మారు, ఆమె నమ్మలేదు.

10 ఫిబ్రవరి, మంగళవారం

స్వెట్టరు, పల్లీ పట్టీలు, మోకాలికి రాసుకునే నూనె కూడా ఒక సీసా సర్ది మా ఆయనకు ఇచ్చాను. "నూనె ఎందుకు, మోకాలు నీది కదా" అన్నాడు. ఉండనీ అన్నాను.

పదకొండింటికి, పిల్లలకు అన్నం పెడుతుంటే, తెలియని నంబరు నుంచి ఫోన్.

"కళ్యాణి వాళ్ల అమ్మగారేనా అండీ?"

గొంతు గుర్తుపట్టాను. ఆ సారే. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"అవునండి."

"రేపు బ్యాచ్ బయల్దేరుతోంది. పంపేముందు ఇంటివాళ్లతో ఒకసారి మాట్లాడటం మా పద్ధతి. ఫారంలో అమ్మాయి మీ నంబరే రాసింది. నిన్ననే మార్చింది, ఇంతకుముందు నాన్నగారిది ఉండేది."

నా నంబరు. ఆ సారుకు, ఆ ఫోన్‌కు, మళ్లీ నా నంబరు ఇచ్చింది.

"హలో, ఉన్నారా అమ్మా? అమ్మాయిని పంపుతున్నారు కదా?"

"పంపుతున్నం సార్. వస్తది. బట్టలు కూడా సర్దినం."

"మంచిదమ్మా. ఇంకేమైనా చెప్పేది ఉందా?"

పుష్పాబాయి చూస్తోంది, పిల్లలు చూస్తున్నారు. ఆయన ఏమీ అడగలేదు. నేనే చెప్పాను.

"పెండ్లి ఏం లేదు సార్. అప్పుడు కూడ లేకుండె."